ఏడు వందల ఏళ్ల గాజు కొలిమి: బరోవియర్ కుటుంబం కథ

ఇటలీలోని వెనిస్ పక్కనే మురానో అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి బరోవియర్ కుటుంబం పేరు 1295 నుంచే గాజు పనివాళ్ల జాబితాల్లో కనిపిస్తుంది. ఏ వ్యాపారమైనా మూడు తరాలు నిలిస్తేనే గొప్ప అంటాం. మరి ఇన్ని తరాలు ఎలా నిలిచింది?

అంతకు నాలుగేళ్ల ముందు, 1291లో, వెనిస్ ప్రభుత్వం గాజు కొలిములన్నీ మురానోకు తరలించాలని ఆదేశించింది. ఊళ్లో ఎక్కువగా చెక్క ఇళ్లు, నిప్పు అంటుకుంటుందని భయం. ఒకేచోట చేరడంతో పని రహస్యాలూ అక్కడే ఉండిపోయాయి. తర్వాతి కాలంలో ఉస్తాద్‌లు ద్వీపం వదిలి వేరే దేశంలో కొలిమి పెట్టుకోకుండా చట్టాలు కూడా వచ్చాయి.

అయితే ఈ హునర్ పూర్తిగా వెనిస్‌దే కాదు. గాజు మీద బంగారం, రంగులు అద్దే పనిలో డమాస్కస్, అలెప్పో నగరాలు అంతకుముందే పేరు పొందాయి. గాజు కరగడానికి కావాల్సిన మొక్కల బూడిద కూడా సిరియా వైపు నుంచి ఓడల్లో వచ్చేది. 15వ శతాబ్దంలో ఆంజెలో బరోవియర్ ఆ బూడిదను శుద్ధి చేసి, నీళ్లలాంటి స్వచ్ఛమైన గాజు తయారు చేశారు. దానికి ‘క్రిస్టల్లో’ అని పేరు. ఆయన కూతురు మరియెట్టా 1487లో సొంతంగా చిన్న కొలిమి నడుపుకోడానికి అనుమతి పొందారు. పువ్వులాంటి గీతలున్న ‘రొసెట్టా’ పూసలు ఆమె తయారుచేసినవే అని చెబుతారు.

తర్వాత వ్యాపారం ఎదురుదిశలో కూడా సాగింది. 1569లో ఉస్మానియా సామ్రాజ్య వజీర్ సొకొల్లు మెహ్మద్ పాషా మసీదు దీపాల కోసం వెనిస్‌కే ఆర్డర్ ఇచ్చారు. మొత్తం 900 దీపాలు!

1797లో వెనిస్ రాజ్యం కూలింది. గాజు పనివాళ్ల సంఘం రద్దయింది, చాలా కొలిములు ఆరిపోయాయి. 19వ శతాబ్దం రెండో సగంలో పని మళ్లీ పుంజుకుంది, బరోవియర్లూ మళ్లీ సొంత కార్ఖానా పెట్టుకున్నారు. 20వ శతాబ్దంలో ఎర్కోలె బరోవియర్ కొత్త రంగులు, కొత్త రూపాలు తెచ్చారు. ఆయన ‘ప్రిమవేరా’ గాజు అనుకోకుండా కుదిరిన మిశ్రమం. మళ్లీ అలాంటిది చేయడం ఎవరి వల్లా కాలేదు. 1936లో తోసో కుటుంబంతో కలవడంతో కంపెనీ తర్వాత ‘బరోవియర్ అండ్ తోసో’ అయింది. 1980లో సౌదీ రాజు తాయిఫ్ ప్యాలెస్ కోసం చేసిన ఝూమర్‌కు ‘తాయిఫ్’ అనే పేరే ఉండిపోయింది.

ఇప్పుడు పరిస్థితి? గాజు కొలిమి రాత్రింబవళ్లు వెయ్యి డిగ్రీలపైన మండుతూనే ఉండాలి. 2021-22లో గ్యాస్ ధరలు పెరిగినప్పుడు మురానోలో ఎందరో కొలిములు ఆర్పుకోవాల్సి వచ్చింది. చౌకగా వచ్చే నకిలీ సరుకుతోనూ పోటీ ఉంది. బరోవియర్ కంపెనీ యాజమాన్యం కూడా ఇటీవల కుటుంబం బయటి వ్యక్తి చేతికి వెళ్లింది.

పేరు కాగితం మీద చేతులు మారొచ్చు. కరిగిన గాజును ఎప్పుడు ఊదాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం ఉస్తాద్ పక్కన ఏళ్లకు ఏళ్లు నిలబడితేనే వస్తుంది. నేర్చుకునే పిల్లలు రాకపోతే ఆ పని ఏ డబ్బుకీ దొరకదు. మురానో ముందున్న అసలు ప్రశ్న ఇదే.