చలికి మరణిస్తే ఇంగ్లిష్‌లో ఏమని రాయాలి?

సూరత్‌లోని లింబాయత్‌లో నేత పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ అక్కడి పిల్లల కోసం తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడే ఈ కుటుంబాలకు అధికారిక పత్రాల్లో ఎదురయ్యేది తరచూ ఇంగ్లిషే.

సూరత్‌లో చలి తక్కువే. కానీ చలి మరణం ఎంత విషాదకరమో గుజరాత్‌కు తెలుసు. ఆ రాష్ట్రంలోని డింగుచా గ్రామానికి చెందిన ఒకే కుటుంబంలోని నలుగురు కెనడా, అమెరికా సరిహద్దు సమీపంలో చలికి మరణించారు. 2022 జనవరి 19న మానిటోబా రాష్ట్రంలోని ఎమర్సన్ వద్ద వారి మృతదేహాలు లభించాయి. వార్తల్లో ఎక్కువగా ‘ఫ్రోజ్ టు డెత్’ అన్నారు. అధికారులు మాత్రం మరణానికి కారణం ‘ఎక్స్‌పోజర్’ అని ప్రకటించారు.

ఈ మాటల మధ్య తేడా ఏమిటి?

‘ఫ్రోజ్ టు డెత్’ అంటే తీవ్రమైన చలికి ప్రాణం పోవడం. శరీరం నిజంగానే గడ్డకట్టాలని లేదు. తెలుగులో ‘చలికి చచ్చిపోతున్నా’ అన్నట్లే ఇంగ్లిష్‌లోనూ దీన్ని అతిశయోక్తిగా వాడతారు. అందుకే ఇది వార్తలకు, సంభాషణకు సరిపోతుంది గానీ ధ్రువపత్రానికి తగదు.

‘ఎక్స్‌పోజర్’ అంటే రక్షణ లేకుండా వాతావరణానికి గురికావడం. ఆ మాట ఒక్కటే రాస్తే ఎండా, చలా అన్నది తేలదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదికలో ‘ఎక్స్‌పోజర్ టు కోల్డ్’ అని స్పష్టంగా పేర్కొంటుంది.

‘హైపోథర్మియా’ వైద్య పదం. శరీర అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన స్థితిని ఇది సూచిస్తుంది. తడి బట్టలు, గాలి తోడైతే నీరు గడ్డకట్టనంతటి చలిలోనూ ఈ స్థితి రావచ్చు. ‘ఫ్రాస్ట్‌బైట్’ వేరు. అది చర్మం, వేళ్లు వంటి భాగాలు గడ్డకట్టి దెబ్బతినడం.

ఒక్క అక్షరంతో మారే అర్థం

తెలంగాణలో ‘సర్ది’ అంటే జలుబు. హిందీలో ‘సర్దీ’ అంటే చలి, జలుబు రెండూ. ఇంగ్లిష్ ‘కోల్డ్’ కూడా అలాంటిదే. ‘డైడ్ ఆఫ్ కోల్డ్’ అంటే చలి వల్ల మరణించారని అర్థం. ‘డైడ్ ఆఫ్ ఎ కోల్డ్’ అని రాస్తే కారణం జలుబుగా మారిపోతుంది. వడదెబ్బకు ‘హీట్ స్ట్రోక్’ ఉంది కదా అని ‘కోల్డ్ స్ట్రోక్’ అనడమూ సరికాదు. అది వైద్యంలో స్థిరపడిన పదం కాదు.

ఎందుకంత ముఖ్యం?

కేంద్ర ప్రభుత్వం 2012లో శీతల గాలులను విపత్తు సహాయ జాబితాలో చేర్చింది. విపత్తులో మరణించినవారి కుటుంబానికి సహాయం అందాలంటే మరణ కారణాన్ని తగిన అధికారి ధ్రువీకరించాలి. కారణాన్ని నిర్ణయించేది వైద్యులే. ఆ కారణం పత్రంలో ఏ మాటల్లో నమోదైందో చదివి, పొరపాటు కనిపిస్తే వెంటనే సరిచేయించుకోవాల్సింది కుటుంబమే.