పొదగేసిన గుడ్డులో కణాల సంకేతాలు

వేసవిలో పొదగేసిన గుడ్లలో చాలావరకు పిల్లలు కాకపోతే, పుంజులోనే లోపముందని భావించి దానిని మార్చివేయడం పల్లెల్లో కద్దు. పామర్రు పరిసరాల్లో పెరటికోళ్లు పెంచే మహిళలకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త, దీనికి ముందుగా గుడ్డులో జరిగే ప్రక్రియను గుర్తించాలి.

సంకేతం పుట్టుక, విడుదల

ఫలదీకరణ చెందిన గుడ్డును కోడి పెట్టే సమయానికే అందులోని పిండం వేలాది కణాల సముదాయం. ఏ కణం ఏ అవయవం కావాలో పొరుగు కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్లు నిర్దేశిస్తాయి. వీటిలో ముఖ్యమైనది సోనిక్ హెడ్జ్‌హాగ్. ఈ కుటుంబపు తొలి జన్యువును ఈగలలో గుర్తించిన నూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషాస్‌ల పరిశోధన 1980లో వెలువడింది. వారికి 1995లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ప్రోటీన్ మొదట నిష్క్రియ రూపంలో తయారై, తనను తానే రెండుగా ఖండించుకుంటుంది. సంకేతాన్నిచ్చే ఖండానికి ఒక చివర కొలెస్ట్రాల్, మరో చివర పామిటిక్ ఆమ్లం చేరుతాయి. ఈ కొవ్వుల వల్ల అది కణత్వచానికి అంటుకొని ఉంటుంది. డిస్‌పాచ్డ్ అనే త్వచ ప్రోటీన్, స్క్యూబ్ అనే వాహక ప్రోటీన్ కలిసి దానిని బయటకు పంపుతాయి. అందుకునే కణంలో ప్యాచ్డ్ గ్రాహకం స్మూథెన్డ్‌ను అణచి ఉంచుతుంది. సంకేతం ప్యాచ్డ్‌ను చేరగానే ఆ అణచివేత తొలగి, జన్యువులు పనిచేయడం ఆరంభిస్తాయి. బి.ఎం.పి. ప్రోటీన్లనైతే ఫ్యూరిన్ వంటి ఎంజైములు ఖండించి క్రియాశీలం చేస్తాయి.

కోడి రెక్క మొగ్గ వెనుక అంచు కణజాలాన్ని ముందు అంచున అతికిస్తే, అద్దంలో ప్రతిబింబంలా అదనపు వేళ్లు ఏర్పడతాయి. ఆ కణజాలం ఇచ్చే సంకేతం సోనిక్ హెడ్జ్‌హాగ్ అని 1993లో తేలింది. సంకేతం ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే అవయవ నిర్మాణానికి కీలకమని దీనివల్ల స్పష్టమవుతుంది.

క్షేత్రస్థాయిలో

సుమారు 20-21 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో పిండం ఎదుగుదల ఆగి ఉంటుంది. అంతకు మించితే మందకొడిగా, అస్తవ్యస్తంగా మొదలవుతుంది. కృష్ణా డెల్టాలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి వేడిలో రోజుల తరబడి నిల్వ ఉన్న గుడ్డులోని పిండం, కోడి కింద పెట్టకముందే బలహీనపడి తొలిదశలోనే చనిపోవచ్చు.

కనుక గుడ్లను రోజుకు రెండు, మూడుసార్లు సేకరించాలి. తడి ఇసుకపై ఉంచిన మట్టికుండలో, గుడ్లకు తడి తగలకుండా నిల్వ చేయాలి. కుండ కొంత చల్లదనమే ఇస్తుంది గనుక వేసవిలో మూడు, నాలుగు రోజుల్లోపే పొదగేయాలి. ఏడవ రోజున చీకటి గదిలో దీపపు వెలుగుకు పరీక్షించాలి. సాలెగూడు వంటి రక్తనాళాలు కనిపిస్తే పిండం సజీవంగా ఉన్నట్లు. నెత్తుటి వలయం కనిపిస్తే పిండం ఏర్పడి చనిపోయినట్లు. పూర్తిగా తేటగా ఉంటే చాలావరకు ఫలదీకరణ జరగనట్లే. తేట గుడ్లు ఎక్కువైతే పుంజును, వలయాలు ఎక్కువైతే ముందుగా నిల్వను పరిశీలించాలి.