ఆన్‌లైన్ ఆట... కథను మింగేస్తోందా?

కొత్త ప్లేస్టేషన్ గేమ్ ఒక్కటి ఐదు వేల దాకా పలుకుతోంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రాడికి అది చిన్న మొత్తమేం కాదు! మరి అంత సొమ్ము పోసి కొన్న డిస్కులో ఒంటరిగా ఆడుకునే కథ ఎంత? పదిమందితో ఆన్‌లైన్ పోరాటం ఎంత? రెండోది మొదటిదాన్ని పాడుచేస్తోందా? ఇది తేల్చుకుందామని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ సందుల్లోని గేమింగ్ సెంటర్లు తిరిగాను.

"గంటల కథ ఏం తేలుతదన్నా? ఆన్‌లైన్ల దిగితే నాలుగు మ్యాచ్‌లు కొట్టొచ్చు!" అన్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఇంటర్ కుర్రాడు. ఎల్.బి.నగర్‌లో సొంత కన్సోల్ ఉన్న డిగ్రీ విద్యార్థి మాట వేరు. "ఇంట్లో అందరూ పన్నాక నేనూ, నా హీరో... అంతే. నెట్ పోయినా కథ ఆగొద్దు" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే!

మన సినిమాల్లో కామెడీ ట్రాక్ సంగతి మీకు తెలియనిది కాదు. కథలో కలిసిపోతే పంట పండుతుంది. విడిగా తీసి అతికిస్తే రీళ్ళు దండగ. 2013లో 'గాడ్ ఆఫ్ వార్: అసెన్షన్'కు ఆన్‌లైన్ పోటీ తగిలించారు. 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్'లో ఆ ఊసే లేదు. తండ్రీకొడుకుల కథ ఒక్కటే! ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ గేమ్ అదే.

మరి నష్టం జరిగిన సందర్భాలు లేవా? ఎందుకు లేవు! 'జీటీఏ 5' 2013 సెప్టెంబరులో వచ్చింది. అక్టోబరు 1న దాని ఆన్‌లైన్ మొదలైంది. కథకు కొనసాగింపు ఇస్తామని ఆ ఏడాది చివర చెప్పారు. అది రానే లేదు. ఆన్‌లైన్‌కు మాత్రం కొత్త హంగులు వస్తూనే ఉన్నాయి. 2018 నాటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 4' అయితే సిరీస్‌లో అలవాటైన కథనే ఎత్తేసింది. మరుసటి ఏడాది గేమ్‌లో కథ మళ్ళీ ప్రత్యక్షం!

అలాగని ఆన్‌లైన్‌ను విలన్ చేయలేం. 2009లో 'అన్‌చార్టెడ్ 2'లో రెండూ ఉన్నాయి. కథ ఏమాత్రం తగ్గలేదు. అసలు చిక్కు ఎక్కడంటే, ఒకే వంటవాడు రెండు పెళ్ళిళ్ళకు వండాల్సి వచ్చినప్పుడు! ఆ గేమ్ తీసిన నాటీ డాగ్ సంస్థే ఈ సంగతి ఒప్పుకుంది. 'ద లాస్ట్ ఆఫ్ అస్' ఆన్‌లైన్ గేమ్‌ను 2023 డిసెంబరులో ఆపేసింది. దాన్ని నడపాలంటే ఏళ్ళ తరబడి సంస్థ బలగమంతా అక్కడే పెట్టాలి, కథల గేములు దెబ్బతింటాయి అని చెప్పి మరీ కథవైపే మొగ్గింది. ఇక సోనీవారి ఆన్‌లైన్ గేమ్ 'కాంకర్డ్' 2024 ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబరు 6న మూతపడింది. రెండు వారాల ఆట! డబ్బు వాపసిచ్చారు.

ఇంకో సంగతి. 'అన్‌చార్టెడ్ 2' ప్లేస్టేషన్ 3 సర్వర్లను 2019 సెప్టెంబరు 3న ఆపేశారు. ఆన్‌లైన్ పోయింది. కథ మాత్రం అదే డిస్కులో ఈనాటికీ ఆడుతోంది!

కనుక మిత్రులారా, డబ్బు తీసేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. నెట్ లేకపోతే ఇందులో నాకు మిగిలేదేమిటి? సర్వర్ మూసేస్తే మిగిలేదేమిటి? జవాబు 'సున్నా' అయితే, మీరు కొన్నది సినిమా కాదు, టిక్కెట్టు మాత్రమే!