ఇంటికప్పు మార్చునపుడు గమనింపవలసిన సంగతులు

కృష్ణా మూసీ నదుల సంగమమున నున్నను మన వాడపల్లి ప్రాంతమునకు వేసవితాపము తప్పుట లేదు. 2015 మే మాసమందలి వడగాడ్పులకు ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ పొలముననే తగులునని తలంపరాదు. వృద్ధులును, పసిబిడ్డలును పగలెల్ల ఇంటనే యుందురు. కప్పు కాగినచో ఇల్లే కొలిమి యగును. కావున కప్పు మార్పింపదలచిన సభ్యులకు కొన్ని సంగతులు విన్నవించుచున్నాము.

పూర్వపు మట్టిమిద్దెలకు మందమే రక్ష. ఎండవేడిమి దళసరి మట్టిని దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకెడిది. గవాచి గుండ వేడిగాలి పైకి పోయెడిది. పెంకుటిండ్లలో పెంకుల సందులనుండి గాలి యాడెడిది. నేడు పెంకులు దింపి రేకులు పరచుట విస్తారమైనది. రేకు వాన నాపును, వ్యయమును స్వల్పమే. కాని పలుచని దగుటచే ఎండ తగిలిన కొలది సేపటికే కాగును. పాతకప్పుతోపాటు ఎండకు అడ్డును, గాలికి దారియు పోవుచున్నవి. వానిని మరల కల్పించుకొనుట మన పని.

మొదటి ఉపాయము తెలుపు. తెల్లని కప్పు ఎండను చాలవరకు త్రిప్పికొట్టును. నది కావల పిడుగురాళ్ల సున్నము మనకు అందుబాటున నున్నది. సిమెంటు కప్పులకు జిగురు కలిపిన సున్నమును ఏటేట వేసవికి ముందు పూయవలెను. ఇనుపరేకులపై సున్నము నిలువదు గాన వానికి తెల్లరంగు వేయవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలము ఈ సూత్రమే. చిన్న యిండ్లకు ఆ విధానమున నిర్బంధము లేదు; అయినను మేలు మనదే.

రెండవది గాలి. వేడిగాలి తేలికయై పైకెక్కును. చూరు క్రింద కొన్ని రంధ్రములును, కొప్పు నొద్ద కొన్నియు నుంచినచో పైనుండి వేడిగాలి పోవుచు, క్రిందినుండి క్రొత్తగాలి వచ్చుచుండును. అటక వైశాల్యములో నూటయేబదవ వంతు రంధ్రములుండవలెనని అమెరికాలో వాడుకలోనున్న లెక్క. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుగల యింటికి మొత్తము 2 చదరపు అడుగులు చాలును. సగము క్రింద, సగము పైన. ఎలుకలు, పక్షులు రాకుండ జాలీయు, వానజల్లు పడకుండ పైన చిన్న చూరును అమర్పవలెను.

మూడవది అడ్డు. కాగిన రేకు సెగ, కుంపటి సెగవలె, గాలితో నిమిత్తము లేకయే క్రిందివారిని తాకును. కావున రేకునకు జానెడు దిగువను వెదురుతడికె కట్టి, ఇరుప్రక్కల మట్టి మెత్తి సున్నము పూయవలెను. నడిమి ఖాళీలోనే పై చెప్పిన గాలి నడువవలెను. మిర్యాలగూడ బియ్యపుమిల్లుల ఊకయు మంచి అడ్డే. కాని తడిసిన చెడును. నిప్పంటిన లోలోపల రగులును. వంటయింటి పైనను, విద్యుత్తు తీగల చెంతను దానిని వాడరాదు.

పాత సిమెంటు రేకులను దింపువారికొక హెచ్చరిక. వానిలో చాలవరకు ఆస్‌బెస్టాస్ నార యుండును. ఆ ధూళి పీల్చినచో ఊపిరితిత్తుల జబ్బులును, కాన్సరును రాగలవు. రేకులను కోయక, పగులగొట్టక, నీట తడిపి, ముక్కునకు ధూళి నాపగల ముసుగు ధరించి మెల్లగా దింపవలెను.

మన లక్ష్మీనరసింహస్వామి సన్నిధిని పైదీపము కదలుచుండుటయు, క్రిందిదీపము నిశ్చలముగా నుండుటయు చూచి, అది స్వామి శ్వాసయని భక్తులు సేవింతురు. మనమున్న యింటికిని ఊపిరి కావలెను. పని ముగిసిన పిమ్మట, గాలి లేని మధ్యాహ్నవేళ, చూరు రంధ్రము నొద్ద అగరువత్తి పట్టి చూడుడు. పొగ లోనికి పోయినచో గాలి నడచుచున్నదని తెలియును.

కప్పు విప్పియున్న దినములలో ఈ పనులకు అధికవ్యయము స్వల్పము. రేకులు బిగించిన తరువాత చేయబూనిన మరల విప్పవలసి వచ్చును. కావున మేస్త్రీతో బేరము కుదుర్చుకొనునపుడే తెలుపు, గాలి, అడ్డు అను మూడింటిని లెక్కలో చేర్పించుడు. సున్నమును, జాలీలను పదిమంది కలిసి తెప్పించుకొన్నచో వెలయు కలిసివచ్చును. సహకారమునకు ఇదియు నొక చక్కని యక్కర.