మచిలీపట్నం నోబుల్ కళాశాల: విద్యాప్రవేశం, సామాజిక పరిణామం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

కృష్ణా డెల్టాలో ఆంగ్ల విద్యకు తొలి కేంద్రాలలో ఒకటి మచిలీపట్నంలోని నోబుల్ కళాశాల. 1843లో చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ స్థాపించిన పాఠశాల క్రమంగా కళాశాలగా ఎదిగింది. అగ్రవర్ణాల యువకులను క్రైస్తవంలోకి తీసుకురావాలన్నది స్థాపకుని ఆశయం. అయితే మతాంతరీకరణలో అది సాధించిన ఫలితం స్వల్పం, సామాజికంగా కలిగించిన ప్రభావం విస్తృతం. ఈ సంస్థలో ఎవరికి ప్రవేశం లభించింది, లోపలికి వచ్చినవారు ఇక్కడి విద్యను ఎలా వినియోగించుకున్నారు అనే రెండు ప్రశ్నల ఆధారంగా ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నోబుల్ కళాశాల, మచిలీపట్నం, మిషనరీ విద్య, కులం, జాతీయ విద్య.

1. ఉపోద్ఘాతం:

ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. 19వ శతాబ్ది నాటికి రేవు ప్రాభవం తగ్గినా పట్టణానికి పరిపాలనా కేంద్రంగా ప్రాముఖ్యం మిగిలింది. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు ఇదే ముఖ్యపట్టణమైంది. కచేరీలు, న్యాయస్థానాలు ఉన్నచోట ఆంగ్లం తెలిసినవారి అవసరం పెరుగుతుంది. మిషనరీ పాఠశాలకు విద్యార్థులు రావడానికి మతాసక్తి కంటే ఈ అవసరమే ప్రధాన కారణమని చెప్పవచ్చు. బడి పెట్టినవారి ఉద్దేశం ఒకటి, బడికి పంపినవారి ఉద్దేశం మరొకటి. ఈ వ్యత్యాసమే సంస్థ చరిత్రకు మూలసూత్రం.

2. స్థాపన – ఆశయం:

1809లో ఇంగ్లండులో జన్మించిన నోబుల్, సహచరుడు హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి 1841లో మచిలీపట్నం చేరాడు. ఇద్దరూ పనిని పంచుకున్నారు. ఫాక్స్ గ్రామాలలో తిరిగి బోధించే బాధ్యత తీసుకోగా, నోబుల్ తెలుగు నేర్చుకొని 1843లో పాఠశాల ప్రారంభించాడు. ఫాక్స్ 1848లో మరణించాడు. నోబుల్ అవివాహితుడిగా, తిరిగి స్వదేశం చూడకుండా, చివరివరకు బందరులోనే ఉండిపోయాడు.

ఆంగ్ల విద్య ద్వారా ఉన్నతవర్గాలను చేరుకోవాలన్న పద్ధతి అప్పటికే అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో 1830 నుండి అమలుచేస్తున్నది. పైవర్గాలు మారితే కిందివర్గాలు అనుసరిస్తాయన్నది దానికి ఆధారమైన నమ్మకం. నోబుల్ పాఠశాలా ఈ కోవకే చెందుతుంది. నిత్యం బైబిలు బోధన ఉండేది. కాని తొలి దశలో అస్పృశ్యులుగా పరిగణింపబడిన కులాల పిల్లలకు అందులో ప్రవేశం లేదు. వారిని చేర్చుకుంటే అగ్రవర్ణాలవారు పిల్లలను మానిపిస్తారన్న భయం ఇందుకు కారణం. దేవుని ఎదుట అందరూ సమానులని బోధించే సంస్థ తన తలుపు దగ్గర కులవ్యవస్థతో రాజీపడింది. ఇది ఆనాటి మిషనరీలలోనే విమర్శకు గురైన విషయం.

3. 1852 నాటి సంక్షోభం:

ఈ రాజీ ఎంత బలహీనమైనదో 1852లో బయటపడింది. బ్రాహ్మణ కుటుంబానికి చెందిన మంచాల రత్నం, వెలమ కుటుంబానికి చెందిన ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు ఆ ఏడు బాప్తిస్మం పొందారు. పట్టణంలో అలజడి రేగింది. తల్లిదండ్రులు పిల్లలను మానిపించడంతో పాఠశాల దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి విద్యార్థులు తిరిగి వచ్చారు. మతం మారతారన్న భయం కంటే ఆంగ్ల విద్య అవసరం బలమైనదని ఈ పునరాగమనం తెలుపుతుంది.

రత్నం, భూషణం ఇద్దరూ 1864లో గురుపట్టం పొందారు. ఇదే పాఠశాలలో చదివి క్రైస్తవం స్వీకరించిన జానీ అలీ అనే ముస్లిం యువకుడు తరువాత కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించాడు. అయితే ఇటువంటివారి సంఖ్య వేళ్లమీద లెక్కించదగినదే.

ఇదే కాలంలో, ఇదే సొసైటీ పరిధిలో మరొక పరిణామం సంభవించింది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల నాయకుడు బెజవాడలోని మిషనరీ టి.వై. డార్లింగ్‌ను స్వయంగా వెతుక్కుంటూ వచ్చి, తనవారితో కలిసి క్రైస్తవం స్వీకరించాడు. అక్కడినుండి గ్రామాలలో సామూహిక ఉద్యమం మొదలైంది. పైనుండి కిందికి మార్పు దిగివస్తుందని బందరు పాఠశాల ఎదురుచూస్తుండగా, ఆ మార్పు కిందినుండే పుట్టింది. నోబుల్ పద్ధతిని అంచనా వేయడానికి ఈ రెండు ఘటనలను పక్కపక్కన ఉంచి చూడటం అవసరం.

4. ఉప్పెన – స్థాపకుని మరణం:

దివిసీమ ప్రజల జ్ఞాపకంలో 1977 నవంబరు 19 ఎటువంటిదో, అంతకు శతాబ్దం ముందు బందరుకు 1864 నవంబరు 1 అటువంటిది. ఆ రాత్రి సముద్రం పట్టణంలోకి చొచ్చుకువచ్చింది. సుమారు 30 వేల మంది మరణించారని అంచనా. మిషన్‌కు చెందిన షార్కీ దంపతుల బాలికల వసతి పాఠశాలలోనూ పలువురు బాలికలు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడు, 1865 అక్టోబరు 17న, నోబుల్ కన్నుమూశాడు. ఆయన సోదరుడు జాన్ నోబుల్ రచించిన జీవితచరిత్ర 1867లో వెలువడింది. వ్యక్తి పోయినా సంస్థ నిలిచింది. పాఠశాల బాధ్యతను జాన్ షార్ప్ స్వీకరించాడు. సంస్థకు స్థాపకుని పేరే స్థిరపడింది.

5. కళాశాల జీవితం – జాతీయ భావన:

1854 నాటి వుడ్ నివేదిక ప్రైవేటు విద్యాసంస్థలకు ప్రభుత్వ సహాయాన్ని, దానితోపాటు తనిఖీని ప్రవేశపెట్టింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దీనితో మిషనరీ కళాశాల పాఠ్యక్రమం విశ్వవిద్యాలయ పరీక్షలకు లోబడింది. బైబిలు తరగతి కొనసాగినా, విద్యార్థి దృష్టి పట్టామీదనే నిలిచింది.

ఈ దశలో కళాశాలపై గాఢమైన ముద్ర వేసినవాడు మిషనరీ కాకపోవడం గమనార్హం. బ్రహ్మసమాజ వాది అయిన రఘుపతి వెంకటరత్నం నాయుడు 19వ శతాబ్ది చివరి దశకంలో ఇక్కడ అధ్యాపకుడిగా పనిచేశాడు. ఆంగ్ల సాహిత్య బోధనతోపాటు శీలశుద్ధి, సంఘసంస్కరణ, ఏకేశ్వరారాధన వంటి విషయాలను విద్యార్థుల మనసులలో నాటాడు. మతం మార్చడానికి ఏర్పడిన సంస్థలో, మతం మారకుండానే నైతిక పరివర్తన సాధ్యమని చూపిన గురువు ఆయన.

ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ కళాశాల వాతావరణంలో ఎదిగినవారే. 1902లో బందరులో ప్రారంభమైన కృష్ణాపత్రికకు కృష్ణారావు దీర్ఘకాలం సంపాదకత్వం వహించాడు. 1910లో హనుమంతరావు ఆ మిత్రుల తోడ్పాటుతో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పాడు. చేతిపనులు, చిత్రకళ, దేశీయ సంస్కృతి అక్కడి విద్యలో భాగాలయ్యాయి. నోబుల్ కళాశాలలో చదివిన విశ్వనాథ సత్యనారాయణ కూడా తరువాత జాతీయ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. దీనిని కేవలం తిరస్కారంగా భావించడం సరికాదు. వలస విద్య లోపాలను గుర్తించే శక్తిని ఆ విద్యే వారికి ఇచ్చింది.

6. విస్తరణ – రాజ్యాంగ నేపథ్యం:

1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని కాలువలు డెల్టా వ్యవసాయాన్ని మార్చివేశాయి. 1908లో గుడివాడ మీదుగా బెజవాడ – మచిలీపట్నం రైలుమార్గం ఏర్పడింది. రైతు కుటుంబాల పిల్లలకు పట్టణ విద్య అందుబాటులోకి రావడానికి ఈ రెండూ దోహదం చేశాయి. 1950లో గుడివాడలో కళాశాల ఏర్పడటంతో ఉన్నత విద్యకు బందరు దాకా రావలసిన అవసరం ఆ ప్రాంతంవారికి తగ్గింది.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత ఆంగ్లికన్ మిషన్ వారసత్వం దానికి సంక్రమించింది. భారత రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకునే హక్కునిచ్చింది. 28వ అధికరణం ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థలలో విద్యార్థి సమ్మతి లేనిదే మతబోధకు హాజరుకావాలని నిర్బంధించరాదని పేర్కొంది. 29వ అధికరణం ప్రభుత్వ సహాయం పొందే సంస్థలలో కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ప్రవేశం నిరాకరించరాదని నిర్దేశించింది. 1843లో స్థాపకుని విచక్షణకు వదిలిన ప్రార్థన, ప్రవేశం అనే రెండు అంశాలూ ఈ విధంగా చట్టం పరిధిలోకి వచ్చాయి.

7. ముగింపు:

నోబుల్ కళాశాల చరిత్రను మిషనరీ త్యాగగాథగా గానీ, మతమార్పిడి కుట్రగా గానీ చూడటం అసమగ్రం. స్థాపకుని నిష్ఠ వాస్తవం. కులం ముందు ఆయన పద్ధతి తలవంచడమూ వాస్తవమే. ఒక విద్యాసంస్థను అది ప్రకటించిన ఆశయంతో మాత్రమే కాక, అది ఎవరిని చేర్చుకుంది, ఎవరిని బయట నిలిపింది, చేరినవారు ఆ విద్యతో ఏం చేశారు అన్న అంశాలతో అంచనా వేయాలి. ప్రముఖ పూర్వవిద్యార్థుల పేర్లు ఇప్పటికే చరిత్రకెక్కాయి. తొలి దశాబ్దాలలో ఆ తలుపు తెరుచుకోని కుటుంబాలు విద్యకు ఏ దారిన చేరుకున్నాయో పరిశోధించినప్పుడే కృష్ణా డెల్టా విద్యాచరిత్ర సంపూర్ణమవుతుంది.