ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతవ్ తమ్మీ?

ఊర్ల ఎవరన్న కారు తెచ్చిండంటే చుట్టూ చేరినోళ్లు ముందుగాల అడిగేది ఒక్కటే ముచ్చట: లీటరుకు ఎంతిస్తది? తెచ్చినోడు ఇరవై అంటడు. పక్కన నిలబడ్డోడు మా బావ బండి ఇరవై రెండిస్తది అంటడు. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు. కానీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని కారు కొంటే పైసల కాడ దెబ్బ తింటరు. ముఖ్యంగ హైదరాబాద్‌ల ఒకరు వాడిన ఆల్టోనో, వ్యాగనారో, ఐ10నో ఊరికి తెచ్చుకోవాలనుకునే పిల్లలు ఈ లెక్క జర పట్టి చూడాలె.

ముందుగాల ఆ బండి పట్నంల ఎట్ల బతికిందో తెలుసుకోవాలె. కోచింగ్ కోసమని అమీర్‌పేట హాస్టళ్లల్ల ఉన్నోళ్లకు ఆ రోడ్డు గురించి చెప్పే పనిలేదు. సాయంత్రం ఆరు దాటినంక మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా, ఆడికెల్లి నాగార్జున సర్కిల్, అటెంక బంజారాహిల్స్ ఎత్తు. మూడు కిలోమీటర్లు కూడా ఉండదు, నడిచిపోయినోడే ముందుగాల పోతడు. ఆ దారిల కారు రోజూ తిరిగితే మూడు తీర్ల పెట్రోల్ పోతది.

ఒకటి, నిలబడ్డ కాడ కాలేది. చిన్న ఇంజన్ బండి కదలకుండ నడుస్తుంటే గంటకు దాదాపు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతది, ఏసీ వేస్తే ఇంకింత. రోజుకు అరగంట సిగ్నళ్ల కాడ పోతదనుకుందాం. నెలకు 25 రోజులంటే పన్నెండున్నర గంటలు. ఒక్క కిలోమీటరు నడవకుండనే ఆరు నుంచి తొమ్మిది లీటర్లు ఖతం. రెండోది బ్రేకు. ఏడెనిమిది క్వింటాళ్ల బండిని నలభై స్పీడుకు తెచ్చేతందుకు కాల్చిన పెట్రోలంతా, బ్రేకు తొక్కంగనే వేడై గాలిల కలుస్తది. మళ్ల మొదటి గేరు, మళ్ల అదే ఖర్చు. మూడోది ఎత్తు. బంజారాహిల్స్ పేరుల్నే గుట్టలున్నయి. ఎక్కేటప్పుడు తాగింది దిగేటప్పుడు కొంత మిగలాలె, కానీ కిందికి రాంగనే సిగ్నల్ ఉంటది, బ్రేకు తొక్కాల్సిందే.

అందుకే పట్నంల పన్నెండు, పదమూడు ఇచ్చిన చిన్న కారు ఊరికొచ్చి మండల రోడ్డు మీద యాభై, అరవై స్పీడుల నిమ్మలంగ నడిస్తే పద్దెనిమిది, ఇరవై ఇస్తది. అమ్మేటాయన ‘మైలేజీ తక్కువ’ అన్నంత మాత్రాన బండి ఖరాబైనట్టు కాదు. ఆ మాట మీద బేరం మాత్రం గట్టిగనే ఆడొచ్చు.

దీనికి ఇంకో దిక్కు కూడా ఉన్నది, చాలామంది దాన్ని చూడరు. మీటర్ కిలోమీటర్లు లెక్కపెడతది, గంటలు లెక్కపెట్టది. సగటున 15 స్పీడుతోని 40 వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఇంజన్ దాదాపు 2,670 గంటలు నడిచినట్టు. అదే 40 వేలు 50 స్పీడుతోని తిరిగితే 800 గంటలే. రెండింటి మీటర్ల మీద ఒకటే అంకె కనపడతది. క్లచ్ ప్లేటు, బ్రేకులు, ఇంజన్ ఆయిల్ మాత్రం ఒక్క తీరుగ ఉండవు. ‘డాక్టర్ సాబ్ బండి, నలభై వేలే తిరిగింది’ అనంగనే సంబురపడకుండ, ఎత్తు మీద మూడో గేరుల క్లచ్ జారుతుందా అన్నది మెకానిక్‌ను కూసోబెట్టుకొని చూడాలె. ఇంకో రకం బండ్లు కూడా ఉన్నయి. 2017 నవంబర్‌ల మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మెట్రో షురూ అయ్యింది, 2018 సెప్టెంబర్‌ల పంజాగుట్ట మీదికెల్లి ఎల్బీనగర్ దాకా పోయింది. మెట్రో ఎక్కుడు అలవాటైనంక కారును అపార్ట్‌మెంట్ కింద వదిలేసినోళ్లూ ఉన్నరు. అసొంటి బండి టైర్లు అరగవు గని ముసలిగైతయి. టైరు పక్కన నాలుగు అంకెలుంటయి. 2319 అంటే 2019ల 23వ వారం చేసిన టైరు. గడులు ఎంత లోతున్నా ఆరేడేండ్ల టైరును నమ్మొద్దు.

ఇంగ కంపెనీలు చెప్పే అంకెలు. ఆల్టో కే10 మాన్యువల్‌కు లీటరుకు 24.39 అంటరు. అది అబద్ధం కాదు, ప్రయోగశాల అంకె. బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ బంద్ జేసి, లెక్క ప్రకారం స్పీడు పెంచుకుంట తగ్గించుకుంట కొలుస్తరు. ఆడ నలుగురు మనుషులుండరు, డిక్కీల బియ్యం బస్తా ఉండది, ఎదురుగాలి ఉండది. రెండు బండ్లల్ల ఏది తక్కువ తాగుతదో పోల్చుకునేతందుకు ఆ అంకె పనికొస్తది. నీ జేబు లెక్కకు మాత్రం దాంట్ల ఐదో వంతు నుంచి నాలుగో వంతు తీసేసుకో. ఔటర్ మీద 120 దాకా పోవచ్చు కదా అని తొక్కితే ఇంకా పడిపోతది. 80 స్పీడు కంటే 120ల గాలి అడ్డం రెండుంపావు రెట్లు ఎక్కువ.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ముచ్చట కూడా ఇందుల్నే ఉన్నది. పెట్రోల్ కంటే ఇథనాల్‌ల శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కొంత తగ్గుతది. 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన నాలుగు చక్రాల బండ్లల్ల 6–7 శాతం తగ్గొచ్చని 2021ల నీతి ఆయోగ్ నివేదికనే చెప్పింది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లు దీనికి తట్టుకునేటట్టు చేసినయి. పాతది కొంటే పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు ఒకసారి చూపించుకోవాలె.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. తెలంగాణల పెట్రోల్ మీద వ్యాటే 35.20 శాతం. 2024 మార్చిల రెండు రూపాయలు తగ్గినంక హైదరాబాద్‌ల లీటరు 107 చిల్లర అయ్యింది. 107నే పట్టుకుందాం. నీ ముందట రెండు బండ్లున్నయి. ఒకటి నిజంగ 15 ఇస్తది, ఇంకోటి 18 ఇస్తది కానీ 70 వేలు ఎక్కువ. ఊర్ల ఉండేటోడు పెండ్లిళ్లకు, దవాఖానకు, పండుగకు, అప్పుడప్పుడు పట్నానికి తిరిగితే ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు దాటుడు కష్టం. మొదటి బండి 400 లీటర్లు తాగుతది, 42,800 రూపాయలు. రెండోది 333 లీటర్లు, 35,600 చిల్లర. తేడా ఏడాదికి ఏడు వేల నూరు. ఆ 70 వేలు నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీకి తెస్తే వడ్డీనే 8,400. మైలేజీల మిగిల్చింది వడ్డీకి కూడా సాలదు. అదే, కిరాయిలకు తిప్పేటోడో రోజూ జిల్లా కేంద్రానికి పోయి వచ్చేటోడో ఏడాదికి 20 వేలు తిరిగితే తేడా దాదాపు 23,800. మూడేండ్లల్ల అసలు వచ్చేస్తది. ఒకటే బండి ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. సీఎన్జీకి కూడా ఇదే లెక్క, దాని మీద ఇంకో ప్రశ్న: మీ మండలంల బంకు ఉన్నదా? లేకపోతే గ్యాస్ కోసం తిరిగే తిరుగుడే ఎక్కువైతది.

పెట్రోల్ కంటే పెద్ద ఖర్చు బండి ధర కరిగిపోవుడు. ఉదాహరణకు నాలుగు లక్షలు పెట్టి కొని మూడేండ్లకు రెండున్నర లక్షలకు అమ్మినవనుకో. ఏడాదికి 50 వేలు పోయినట్టు, ఆరు వేల కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు ఎనిమిది రూపాయల పైనే. 18 ఇచ్చే బండికి పెట్రోల్ పడేది కిలోమీటరుకు ఆరు రూపాయల లోపే! అదే బండి పదేండ్లు ఉంచుకొని లక్షకు అమ్మితే కిలోమీటరుకు ఐదు రూపాయలకు దిగుతది. మూడేండ్లకోసారి బండి మార్చేటోడు లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ రావాలని గింజుకునుడు నాకైతే నవ్వొస్తది. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర దిగినంక పాతదాని ధర కూడా దిగాలె. పాత రేటు చెప్పేటోన్ని ఈ మాట అడుగు.

బండి ఎక్కువ ఏండ్లు ఉంచుకోవాలంటే సామాను దొరకాలె. మారుతి 800 ఈ దేశంల అట్లనే బతికింది. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదికెల్లి మొదటి తాళంచెవి తీసుకున్న హర్పాల్ సింగ్, 2010ల చనిపోయేదాంక ఆ బండిని అమ్మలేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, విప్పితే మల్ల బిగించుకోగలిగే ఇంజన్. 2010 ఏప్రిల్‌ల బీఎస్4 నిబంధన 13 నగరాలకు వచ్చింది, హైదరాబాద్ అందుల ఒకటి, గప్పుడే పట్నంల కొత్త 800 అమ్ముడు బందైంది. జిల్లాలల్ల ఇంకా కొన్నేండ్లు దొరికింది. 2014 జనవరిల తయారీనే ఆగింది. అయినా దాని సామాను మెకానిక్ షెడ్డుల దొరుకుడు ఆగలేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉన్నది. 2017 ఆఖరుకు షెవర్లే ఈ దేశంల అమ్ముడు బంద్ పెట్టింది, 2021 సెప్టెంబర్‌ల ఫోర్డ్ తయారీ ఆపుతమని చెప్పింది. బీట్, ఫిగో బండ్లు అందుకే సస్తల దొరుకుతయి. బండ్లు చెడ్డయి కాదు. కానీ ఒక సెన్సర్ పోయి, అది వచ్చేదాంక నెల రోజులు బండి ఇంటి ముందట నిలబడితే మైలేజీ ఏం చేసుకుంటవ్? పట్నంల అమ్మేటాయనను కలిసే ముందు మీ మండల మెకానిక్‌ను అడుగు: ఈ బండి నువ్వు చేస్తవా, సామాను ఎన్ని దినాలకొస్తది? ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలె. 2022 జూన్ రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపల బండికి 2,094, అది దాటి 1500 సీసీ లోపల ఉంటే 3,416. ఏటేటా కట్టేదే కదా.

వయసు నంబర్ ప్లేటు మీదనే చదువొచ్చు. హైదరాబాద్ బండికి ‘ఏపీ 09’ ఉన్నదంటే అది 2014 జూన్ కంటే ముందటిది. ఆర్సీ 15 ఏండ్లే చెల్లుతది. అటెంక ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదైదేండ్లకు రెన్యువల్ చేయించుకోవాలె. ఢిల్లీల లెక్క మన దగ్గర పాత బండ్ల మీద నిషేధం లేదు. కానీ కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌ల 600 నుంచి 5 వేలైంది, ఇరవై ఏండ్లు దాటినదానికి 2025ల 10 వేలు చేసిన్రు. లక్ష రూపాయల పాత బండికి ఇది చిన్న మొత్తం కాదు, బేరంల పెట్టాలె.

కొన్నంక నీ బండి నిజంగ ఎంతిస్తదో నువ్వే కొలువు. బంకుల పైపు దానంతటదే కొట్టుకొని ఆగేదాంక ట్యాంకు నింపు, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. మూడు, నాలుగు వందల కిలోమీటర్లు తిరిగినంక అదే బంకుల మళ్ల అట్లనే నింపు. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పోసిన లీటర్లతోని భాగించు. మూడుసార్లు చేసి సగటు తీస్తే అదే నీ అంకె. అది ఉన్నట్టుండి పడిపోతే ముందుగాల టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, పట్టుకుంటున్న బ్రేకు చూడాలె.

కాగితాలు మాత్రం కొన్న వారంలనే చేసుకో. 29, 30 ఫారాల మీద సంతకాలు, బ్యాంకు లోన్ ఉండి తీరితే 35, పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌ల. ఇన్సూరెన్స్ నీ పేరు మీదికి మార్చేతందుకు 14 రోజులే టైముంటది. అది దాటినంక గుద్దుకుంటే అవతలోనికి నష్టపరిహారం కంపెనీ ఇస్తది గని నీ బండి రిపేరుకు రూపాయి రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ కూడా ఆయనతోనే పోతది, కాబట్టి ప్రీమియం పెరుగుతది. ఆ తేడా ఎంతో బేరం కాడ కూసున్నప్పుడే అడుగు.