మీకు తెలుసా? గొడుగులా మడిచే స్ట్రోలర్ విమాన ఇంజినీరు చలవే!

స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరికపై పనిచేసిన బ్రిటిష్ ఇంజినీరు ఓవెన్ మాక్లారెన్. పసిబిడ్డతో, బరువైన బండితో ప్రయాణాల్లో కూతురు పడే అవస్థ చూసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో మడత బండి రూపొందించాడు. బరువు మూడు కిలోల లోపే! ఎంత మంచి ఆలోచన!

ఇప్పుడు చాలా విమానసంస్థలు స్ట్రోలర్‌ను విమానం తలుపు దాకా తీసుకెళ్లనిచ్చి, అక్కడ ట్యాగ్ కట్టి ఉచితంగా లగేజీలో వేస్తాయి. భద్రతా తనిఖీలో మాత్రం బిడ్డను ఎత్తుకుని, బండిని మడిచి ఎక్స్‌రేకి ఇవ్వాలి.

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహాల మీదుగా అమెరికా వెళ్లే తల్లులూ, ఒక్క మాట: మధ్యలో విమానం మారేచోట బండి చేతికిస్తారో, చివరి ఊళ్లోనే ఇస్తారో ట్యాగ్ కట్టేటప్పుడే అడగండి.